పది అంకెలు, తొంభై రోజులు

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. కింద ఫోరస్ రోడ్డు మీద హారన్లు ఆగవు, వాటి మీదికెక్కి మాట్లాడే గొంతు నాకిప్పుడు లేదు. కూర్చున్నారా? అయితే వినండి. ఆ బుధవారం పొద్దున మా ఖోలీలో, అంటే ఐదుగురం ఉండే ఒంటి గదిలో, నీళ్ల డ్రమ్ము నిండా సబ్బు నురగ, ఆ నురగలో నా మనవడి బాక్సింగ్ గ్లోవ్స్.

రెండూ ఎర్రటివి. బుడుంగుమని మునుగుతున్నాయి, మళ్లీ తేలుతున్నాయి. నా కోడలు శాంతాబాయి చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, బట్టలు కలిపే కట్టెతో వాటి నెత్తిన పొడుస్తోంది.

నా కొడుకు రాజలింగం లిఫ్టుమన్ డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మూడో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవే?"

"కనబడ్తలేదా? ఉతుకుతున్న. మస్తు కంపు కొడుతున్నయ్."

"తోలువి గవి! తోలు గ్లోవ్స్ ఎవలన్న సబ్బు నీళ్లల్ల ముంచుతరా?"

"నేను ముంచుతున్న గదా. ఎండేతందుకు వారం పడ్తదంట. ఎండినంక ఆడుకోమను."

"ఆదివారం మ్యాచున్నది!"

"అందుకే బుధవారం ఉతికిన."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కొడుకు మొహం చూడలేను కనుక పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. చాప మీద నా మనవడు అతుల్ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఇరవై మూడేళ్లవాడు, అరవై కిలోల బరువు, ఒంటి మీద చారెడు కొవ్వు లేదు. తల్లి వైపూ చూడలేదు, తండ్రి వైపూ చూడలేదు. కట్టిన లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

అంతకు పదకొండు రోజుల ముందు శనివారం, ధారావి మైదానంలో చెవి కింద దెబ్బ తగిలి పడిపోయాడు కదా. పడి, లేచాడు. రెఫరీ పది లెక్కపెట్టేలోపు లేవకపోతే ఓడినట్టే. ఎన్ని అంకెలకు లేచాడన్నదే మా ఇంట్లో గొడవ.

"తొమ్మిదికి లేచిండు," అన్నాడు రాజలింగం. ఆ మాట అప్పటికి వందోసారి. మనవడు రింగులో ఉంటే మూలన నీళ్ల సీసా, తువాలు పట్టుకుని నిలబడేది వాడే. "నేను కార్నర్‌ల ఉన్న. నా కండ్లతోని సూసిన. పది కాకముందే లేచిండు. జారిపడ్డడని రాసిండ్రు, బరోబర్ రాసిండ్రు."

"జారేతందుకు అక్కడ పాకురున్నదా బాపూ?" అంది నా మనవరాలు రుతుజ. అది లా కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. నోట్లో బ్రష్షు, చేతిలో ఫోను. "ఢిల్లీల కొత్త బిల్లు పెట్టిండ్రు. పైసల కోసం ఆడే బాక్సింగ్‌కు దేశమంత ఒకటే రూలు. దెబ్బ తిని పడ్డోడు తొంభై రోజులు రింగు ఎక్కొద్దు. డాక్టరు షో పెట్టేటోడి మనిషి కావద్దు. ప్రతి ఆటగానికి ఒక పుస్తకం, ఎన్నిసార్లు పడ్డడో అండ్ల రాయాలె. తొంభై రోజులు బాపూ! మనోడు పదిహేను రోజులకే ఎక్కుతున్నడు."

"బిల్లు. లా కాదు గదా ఇంక."

"ఎంపీల కమిటీ శుక్రవారం ముంబైకొస్తున్నది. అందరి మాట వింటరంట."

"వినని. మన మాట చెప్పేటోడు ఉన్నడు."

ఆ చెప్పేవాడు మధ్యాహ్నం, రాజలింగం డ్యూటీ నుంచి అన్నానికి ఇంటికొచ్చిన వేళకు వచ్చాడు.

ప్రతీక్ అంటే మా గల్లీవాడే, బాక్సింగ్ షోలు పెడతాడు. వాళ్ల తాత మేస్త్రీ. నా పదహారో ఏట ఆ మేస్త్రీ దగ్గరే నేను సిమెంటు మాలు తట్టలు మోశాను, నా మొగుడు గోడలు కట్టాడు. ఈ ముంబైలో సగం మేడలు తెలంగాణ నుంచి వలస వచ్చిన మా కమాటీల చేతుల మీద లేచినవే. పనిలో మాకొక కట్టుబాటు ఉండేది. ఇంజనీరు సాహెబు వస్తే కూలీవాళ్లు నోరెత్తరు. చెయ్యి విరిగినా, గోడ కూలినా, సాహెబుతో మాట్లాడేది మేస్త్రీ ఒక్కడే. మేము తల వంచుకుని వరసగా నిలబడతాం. మేస్త్రీ పోయాడు, పని పోయింది, ఆ వంచిన తల మాత్రం మా ఇళ్లల్లో మిగిలింది.

ప్రతీక్ గడప మీదే కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. మంచి మర్యాద తెలిసిన పిల్లవాడు, ఆ మాట కాదనను.

"ఆజీ, మోకాళ్లు ఎట్లున్నయ్?"

"ఉన్నయ్ నాయనా. నాతోనే ఉన్నయ్."

నవ్వాడు. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "శుక్రవారం బస్సు పెడుతున్న. చాలోళ్లందరు, ఈ బిల్డింగ్‌ల ఉండేటోళ్లందరు రావాలె. ఖాలీ కూసోవాలె, గంతే. మాట్లాడేది నేను మాట్లాడ్త. ఇదొక చిన్న కాగితం. అతుల్ జారిపడ్డడు, సోయి తప్పలే, వాంతి కాలే, ఇంట్ల మంచిగున్నడు అని ఇంటోళ్లు రాసియ్యాలె. కాకా, నువ్వొక సంతకం. ఆజీ, నువ్వొక అంగూఠా, వేలిముద్ర."

"ఇదెందుకు ఇప్పుడు?" అంది రుతుజ.

"ఎంపీలు తిరుగుతున్నరు గదా బేటీ. ఆదివారం షో మీద ఎవ్వడు వేలు పెట్టొద్దు. కాగదం పక్కాగ ఉండాలె."

"నిజం పక్కాగ ఉంటే కాగదమెందుకు?"

"రుతుజా!" అని గదిమాడు రాజలింగం.

"అడగని కాకా, చదువుకుంటున్న పిల్ల." ప్రతీక్ గొంతు పెరగలేదు. "బేటీ, నేనొక్కటి అడుగుత, చెప్పు. ఈ లా వస్తే అంబులెన్సు, వేరే డాక్టరు, స్కానింగు. గివన్ని పెట్టి ధారావిల షో ఎవడు పెడ్తడు? పెద్ద హోటళ్లల్ల పెడ్తరు. అక్కడ మన గల్లీ పోరడ్ని గేటు కాడ వాచ్‌మనే ఆపుతడు. మీ అన్నకు రింగు ఎవడిస్తడు? ఢిల్లీ ఇస్తదా?"

ఆ మాటలో అబద్ధం లేదు, అదే దాని బలం.

రాజలింగం సంతకం పెట్టాడు. పెట్టాక కాగితం నా ఒళ్లోకి జరిపాడు. సిరా దిండు తెరిచి పట్టుకున్నాడు ప్రతీక్. డ్రమ్ము దగ్గర శాంతాబాయి చేతిలో కట్టె ఆగిపోయింది.

"బియ్యం ఏరుతున్న," అన్నాను. "చేతికి దుమ్మున్నది. శుక్రవారం బస్సుల పెడ్త తియ్యి."

ప్రతీక్ సిరా దిండు మూసి సంచిలో వేసుకున్నాడు. "సరే ఆజీ. నువ్వు మాట తప్పేదానివి కాదు." వెళ్లిపోతూ అతుల్ భుజం తట్టాడు. "కొత్త గ్లోవ్స్ పంపుత. అమ్మ గదా, ఆయీని ఏమనకు."

మర్నాడు గురువారం. రుతుజ నా పక్కన బాసింపట్టు వేసుకుని ఫోనులో బిల్లు చదువుతోంది. దానికి మరాఠీలో వచ్చినంత వేగంగా తెలుగు రాదు. ఇంగ్లీషులో చదువుకుని, మరాఠీలో ఆలోచించి, నాకు తెలుగులో చెబుతుంది. అందుకే మధ్య మధ్య ఆగుతుంది. నేను నిన్నటి బియ్యమే మళ్లీ ఏరుతున్నాను.

"ఆజీ, ఈ బిల్లు చివర ఒక లిస్టున్నది. తలకు దెబ్బ తిన్నోడు ఎట్లెట్ల చేస్తే హాస్పిటల్‌కు తీస్కపోవాలె అని. వాంతులు. వెలుతురు సూడలేకపోవుడు. అడిగిందే మళ్ల మళ్ల అడుగుడు. ఏ రోజో, ఇంట్ల ఎవలున్నరో ఎవలు లేరో మరిచిపోవుడు..."

నా చేతిలోని బియ్యం చేటలో పడిపోయాయి.

"మళ్ల చదువు. ఆ చివరిది."

చదివింది.

ఇప్పుడు మీకు చెబుతున్నాను, అప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. ధారావి నుంచి వచ్చిన ఆ శనివారం దీపాల వేళ, శాంతాబాయి ఇంకా పని నుంచి రాలేదు. రాజలింగం కిందికి పాలకు పోయాడు. అతుల్ గోడకు ఆనుకుని కూర్చుని నన్ను అడిగాడు, "ఆజీ, తాత ఇంక రాలే?"

వాడి తాత పోయి ఆరేళ్లు.

"ఎక్కడికి పోయిండు?" అని మళ్లీ అడిగాడు. "చెప్పులు కూడ లెవ్వు." కొంచెంసేపు ఆగి మూడోసారి. అప్పుడు లేచి, గది మూల స్నానాల మోరీ దగ్గరికి పోయి కక్కుకున్నాడు.

నేను ఏమనుకోవాలి? మా ఇంట్లో అలాంటి మాట వినపడితే పెద్దల గాలి సోకిందంటాం. పోయినాయన పిల్లవాడి మీదికి వచ్చాడనుకున్నాను. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచాను. జొన్నరొట్టె చేసి, ఎండు బొంబిల్ చేపల కూర చేసి, ఆయన ఫోటో ముందు పెట్టి, తిని పోవయ్యా, పిల్లగాన్ని వదిలిపెట్టు అని దండం పెట్టాను. మోరీ కడిగేశాను. అంతలో వాడు నిద్రపోయాడు. పెద్దలు వచ్చిపోయిన సంగతి బయటపెడితే మళ్లీ వస్తారని మా అత్త చెప్పేది. మర్నాడు గల్లీ డాక్టరు, వాంతి అయిందా అవ్వా అని అడిగితే, లేదన్నాను. పిల్లవాడిని కాపాడుతున్నాననుకునే అన్నాను.

"రుతుజా, మన ఖోలీల జరిగింది ఢిల్లీలోళ్లకు ఎవలు చెప్పిండ్రు?"

"ఏం జరిగింది ఆజీ?"

నేను చేట పక్కన పెట్టి లేచాను.

అతుల్ బయట వరండా చివర తాడాట ఆడుతున్నాడు. నన్ను చూసి ఆపాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"ధారావి నుంచి ఇంటికొచ్చి నన్నేమడిగినవ్ రా?"

"ఏమడిగిన?"

"యాది చేస్కో."

తాడును చేతికి చుట్టుకున్నాడు. విప్పాడు. కిందికి గల్లీలోకి చూశాడు. "యాదికి లేదు ఆజీ. నిజంగ. రెండో రౌండు కాడికెల్లి యాదికి లేదు. ఇంటికెట్లొచ్చిన్నో కూడ తెల్వదు. పొద్దున లేస్తే పక్కల ఉన్న."

"బాపుకు చెప్పినవా?"

"చెప్తే ఆదివారం పోతది."

"పోతే పోనీ."

"నీకేం, అంటవ్." మొదటిసారి వాడి గొంతు లేచింది. "పన్నెండేండ్లు ఆజీ! పొద్దున ఐదు గంటలకు ఫోరస్ రోడ్డు మీద ఉరికిన. ఈ గల్లీ పేరు చెప్తే సానివాడ అని లోకమంతా ఒకటే తీరు నవ్వుతది. ఆదివారం బెల్టు గెలిస్తే, కామాఠీపుర అతుల్ అని మైకుల పిలుస్తరు. నవ్వకుండ పిలుస్తరు. ఆ ఒక్కసారి వినాలె నేను."

నేను వాడి చెంప తాకబోతే మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెవి కింద ఇంకా పసుపుపచ్చగా ఉంది.

"బాపుకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

చెబుతానని అనలేదు, చెప్పనని అనలేదు. తాడు మళ్లీ నేలను కొట్టడం మొదలుపెట్టింది.

శుక్రవారం బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. సిరా దిండు రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి బస్సు కుదుపుతోందన్నాను. రెండోసారి కళ్లు మూసుకున్నాను. ముసలిదాని నిద్రను ఎవరూ చెరపరు.

సర్కారు బంగళాలో పెద్ద హాలు. పొడుగు బల్ల వెనుక ఎంపీలు. నడుమ ఒక ఆడమనిషి అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ముందు ప్రతీక్ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. చిన్న షోల గురించి, గల్లీ పిల్లల గురించి. మేమంతా వరసగా కూర్చుని ఉన్నాం, తలలు వంచుకుని. చూసుకుంటే నా తలా వంగే ఉంది.

తర్వాత సాయిలును పిలిచారు. పాలమూరు నుంచి వచ్చి ధారావిలో ఉంటూ కట్టడం పని చేసే మనిషి. పక్కన కొడుకు రాకేష్, అతుల్ ఈడువాడే, వాడితో కలిసి ఆడినవాడే. అటెండరు వాడికి టీ ఇచ్చాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా పెదవి దాకా పోలేదు, సగం చొక్కా మీదే పడింది. తండ్రి తువాలుతో తుడిచాడు, రోజూ తుడిచేవాడు తుడిచినట్టు.

"మీ అబ్బాయి ఎన్నిసార్లు దెబ్బ తిని పడ్డాడు?" అని అడిగింది అధ్యక్షురాలు.

సాయిలు ప్రతీక్ వైపు చూశాడు. అలవాటు. "రెండుసార్లమ్మా. నెల కూడ కాలే నడుమ. తారీఖులంటే నాకు తెల్వదు. మేం కుర్లాల స్లాబ్ పోస్తున్నప్పుడు."

"మేడం," అని లేచాడు ప్రతీక్, "మా దగ్గర ఒక్క మ్యాచే రాసి ఉంది. రెండోది ఈ పిల్లవాడు ఆడనే లేదు. పాపం, వాళ్లకు జరిగినదానికి నాకూ బాధే."

"రెండోదానికి సాక్షి ఎవరైనా ఉన్నారా?"

సాయిలు తువాలు మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు.

నేను లేచాను.

ఎందుకు లేచానో నాకు తెలుసు. నాకు చదువు లేదు కానీ మరపు కూడా లేదు. నా మనవడి ప్రతి ఆటకూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు ఆడిన రోజు ఎవరెవరు ఆడారో అన్నీ నా లోపలే ఉన్నాయి.

రాజలింగం నా కొంగు పట్టి లాగాడు. "కూసో అవ్వా. ప్రతీక్ సేఠ్ మాట్లాడ్తడు."

"ఆయన తాత మాట్లాడిండు, నా మొగుడు ఇన్నడు. ఆయన మాట్లాడిండు, నువ్వు ఇన్నవ్. ఇగ చాలు, కొంగు వదులు."

వదల్లేదు. నేనే ఒక్క గుంజు గుంజుకుని ముందుకు నడిచాను.

హిందీలో మొదలుపెట్టాను. నాలుగు మాటలయ్యాక తెలుగు వచ్చేసింది. రుతుజ పరుగున వచ్చి పక్కన నిలబడి అందుకుంది.

"అమ్మా, ఈ పోరడు రెండుసార్లు పడ్డడు. మొదటిది గణపతి నిమజ్జనం అయిన మూడో రోజు, ధారావిల. నల్ల చెడ్డీ ఏసుకున్నడు. రెండోది సద్దుల బతుకమ్మ నాడు, మధ్యాహ్నం. ఆ రోజు నేను పూలు పేర్చి, పసుపు గౌరమ్మను పెట్టి, ఆటకు ఆలస్యమైతదని ఉరికొచ్చిన. మళ్ల ఇంటికి పోయేసరికి చాలోళ్లు నా బతుకమ్మను విడిచిపెట్టి వాళ్లవి తీస్కపోయిండ్రు. మనవని గుద్దులాట ఎక్కువైందా గౌరమ్మ కన్న అని శాపనార్థాలు పెట్టిండ్రు. మీరు క్యాలెండరు సూడుండ్రి. నడుమ ఇరవై ఒక్క రోజు."

ఒక ఎంపీ ఫోను తీసి లెక్క చూశాడు. అధ్యక్షురాలి వైపు తల ఊపాడు.

"కూర్చోండి అమ్మా, ధన్యవాదాలు," అన్నదామె.

"కాలేదు. ఇంకొకటున్నది."

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. చూడకుండానే తెలిసింది, అతుల్ లేచాడని.

"నా మనవడు పదమూడు రోజుల కింద పడ్డడు. జారిపడ్డడు, తొమ్మిదికి లేచిండు అని కాగదం రాసిండ్రు. ఆ అంకెలు రెఫరీవి. నాలుగుకు, ఐదుకు నడుమ ఆయన లెక్క ఆపి ప్రతీక్ దిక్కు సూసిండు. నేను తట్టలు మోసినదాన్ని. మాలు తట్టలు చేతులు మారుతుంటే ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్కటి లెక్కపెట్టిన నోరు ఇది. మొదటి తట్టకు ఒకటి అనం, లాభం అంటం. ఆ రోజు నా పిల్లగాడు నేల మీద పడితే లాభం అనబుద్ధి కాలే. ఒకటి అన్న. పదిహేడు దాక లెక్కపెట్టిన. పదిహేడుకు లేచిండు."

"ఆజీ, బస్!" అతుల్ గొంతు.

"ఇంటికొచ్చి, సచ్చిపోయిన తాత ఏడీ అని మూడుసార్లడిగిండు. కక్కుకున్నడు. నేను పెద్దల గాలి అనుకున్న. డాక్టరు అడిగితే వాంతి కాలేదని చెప్పిన. ఆ అబద్ధం ప్రతీక్‌ది కాదు, నా కొడుకుది కాదు. నాది. రాసుకోండ్రి. రత్నాబాయి చెప్పింది అని పేరు రాసుకోండ్రి."

రుతుజ తెలుగు నుంచి హిందీలోకి మారుస్తూ తాత మాట దగ్గర ఆగిపోయింది. దానికీ ఇప్పుడే తెలుస్తోంది కదా. మళ్లీ అందుకుని పూర్తి చేసింది. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అంతా రాశాం. కానీ అమ్మా, ఒక్క మాట మీకు నిజం చెప్పాలి. ఇది ఇంకా బిల్లే. చట్టం కావడానికి ఎన్ని నెలలు పడుతుందో నేను చెప్పలేను. తొంభై రోజుల నియమం ఆదివారం నాటికి ఉండదు. నేను ఆ షోను ఆపలేను."

"తెలుసమ్మా. మా పిల్ల చదివి చెప్పింది."

"మరి తెలిసి కూడా...?"

"ఆ చట్టం వచ్చేదాక ఇంట్లోళ్లం ఉన్నం గదా," అన్నాను.

అంగూఠా ఆమె కాగితం మీద వేశాను.

మెట్లు దిగి బయటికి వచ్చేసరికి అతుల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవలేదు.

"అయింది ఆజీ. ఇన్నేండ్లల్ల నన్నెవడు ఇట్ల కొట్టలే."

"కొట్టిన. ఒప్పుకుంట."

"కానీ ఆ మేడం చెప్పింది ఇన్నవ్ గదా. ఆపేతందుకు లేదు. ఆదివారం నేను ఎక్కుత."

"ఎక్కు. నీ మూలకు పోయేతందుకు మెట్లు ఒక్క దిక్కే ఉంటయ్ గదా. ఆ మెట్ల ముందర చాప ఏసి అడ్డంగ పండుకుంట. నన్ను దాటి ఎక్కు."

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఖోలీ పది అడుగులకు పది అడుగులు. ఐదుగురం నేల మీదే పడుకుంటాం, కాలు పెట్టే సందు ఉండదు. అయినా యాభై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరూ పడుకున్న పెద్దవాళ్లను దాటి పోలేదు. దాహమేసినా సరే, జరుగు ఆజీ అని లేపి, నేను జరిగాకే పోతారు. అది వాడికి ఎవరూ నేర్పలేదు, అలా పెరిగాడంతే.

"గట్ల చేయకు ఆజీ."

"చేస్త."

శాంతాబాయి నా పక్కకు వచ్చి నిలబడింది. "అత్తా, చాప వెడల్పుది తీస్కో. నాకు కూడ జాగ కావాలె."

దూరంగా సాయిలు కొడుకు చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాడు. అతుల్ వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు. వాళ్లు అవతలి పక్క చేరేదాకా చూశాడు.

బస్సు ఇంజను మోగింది. చాలోళ్లంతా ఎక్కారు. ఎవరూ మా వైపు చూడలేదు. ప్రతీక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"కాకా," అన్నాడు నా కొడుకుతో, "ఆజీ పెద్దమనిషి, ఆమెను నేనేమన. నువ్వు చెప్పు. ఆదివారం కార్నర్‌ల నువ్వుంటవా, వేరేటోన్ని పెట్టాల్నా? ఉంటనంటే ఎక్కు. సాయంత్రం అతుల్‌ను తోలుకొని బరువు తూకానికి పోవాలె."

రాజలింగం అప్పటిదాకా నాతో మాట్లాడలేదు. నా వైపు చూడలేదు. హాలులో నా కొంగు పట్టుకున్నప్పుడు వాడి వేళ్లు ఎలా ముడుచుకున్నాయో ఇంకా అలాగే ఉన్నాయి. బస్సు దగ్గరికి నడిచాడు. కడ్డీ పట్టుకున్నాడు. కుడికాలు మెట్టు మీద పెట్టాడు.

"బాపూ," అన్నాడు అతుల్. అంతే అన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

రాజలింగం అక్కడే ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు, "తాతను నిజంగనే అడిగినవా రా?"

అతుల్ జవాబు చెప్పలేదు. వాడికి గుర్తుంటే కదా చెప్పడానికి. ఆ మౌనం తండ్రి చెవిన పడింది. నేను చూస్తుండగానే నా కొడుకు వీపు కదిలింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇక్కడిదాకా గుర్తుపెట్టుకోండి, బిడ్డలారా. మీ ఇళ్లకు పోయి చెప్పండి. నా కొడుకు బస్సెక్కాడని ఎవరైనా అంటే కాదనండి, దిగాడని అంటే అదీ కాదనండి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉందని చెప్పండి. మేస్త్రీ ఇంటి మాటకు మా వంశంలో ఒక మగవాడు అంతసేపు జవాబివ్వకుండా నిలబడడం అదే మొదటిసారి. అది మాత్రం వదలకుండా చెప్పండి.